పొగగొట్టంలో ఒంటి బూటు

సంవత్సరంలోకెల్లా పొట్టి పగలు అది. సాయంత్రం నాలుగైనా కాలేదు... అప్పుడే చీకటి!

ష్రాప్‌షైర్ కొండల మీద ప్రళయకాల మేఘాలు. ఉరుము మీద ఉరుము! మెరుపు మెరిసినప్పుడల్లా వింటర్‌కూంబ్ భవనం నల్లటి ఓక్ దూలాల అస్థిపంజరంలా కనబడి మాయమవుతోంది. దూలాల నడుమ సున్నపు గోడలు శవచర్మంలా పాలిపోయాయి. మెలితిరిగిన ఇటుక పొగగొట్టం మీద వాలిన గుడ్లగూబ మెడ వెనక్కి తిప్పి, తోట చివరనున్న మంచుకొట్టు వైపు చూసింది.

పూర్వం చెరువులోని మంచుగడ్డలను వేసవికి దాచుకున్న ఇటుక గుమ్మటం అది. ఇప్పుడక్కడ మంచు లేదు. ఆల్డస్ క్రేల్ ఉన్నాడు!

వాడి ముందు నల్ల మైనపు వత్తి... దాని వెనక మానవ కపాలం... ఆ కపాలపు నేత్రకుహరాల్లో వత్తి వెలుగు ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది.

ఊళ్ళో అందరికీ క్రేల్ తేనెటీగలు పెంచుకునే మర్యాదస్తుడు. వసంతకాలంలో వింటర్‌కూంబ్ చిన్నమ్మాయి రొవీనాను పెళ్ళాడతానని అడిగాడు. "మీరడిగేది నన్ను కాదు, మా ఇంటిని" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు వాడి గుండెలో విషశల్యమై దిగింది.

అయితే ఆ ఇంట్లోకి క్షుద్రశక్తి ప్రవేశించజాలదు! గడపల మీద, కిటికీ దూలాల మీద ఆనాటి వడ్రంగులు రక్షగా వృత్తలేఖినితో చెక్కిన పూలచక్రాలున్నాయి. ఆకాశానికి తెరిచి ఉండే దారి పొగగొట్టం ఒక్కటే. దాని లోపలి గూట్లో పసిబిడ్డ ఒంటి బూటు కాపలా ఉండేది.

అందుకే క్రేల్ తేనెసీసాతో పెద్దమ్మాయి హెస్టర్ దగ్గరికి వచ్చాడు. "రొవీనా గదిలో పొగగొట్టం దులిపితే పాత బూటు బయటపడిందటగా! మళ్ళీ మసిలో పడేస్తారా ఎవరైనా? గాజుపెట్టెలో పెట్టండి. ఇల్లు చూడవచ్చినవాళ్ళు మురిసిపోతారు" అన్నాడు.

పాత వస్తువు కనబడితే దానికి చీటీ కట్టి గాజు కింద పెట్టనిదే మా ఇంగ్లీషువాళ్ళకు నిద్ర పట్టదు. హెస్టర్ కూడా అదే చేసింది.

అంతే! ఆనాటి నుంచి చీకటి పడగానే వాడి ఆత్మ పొగగొట్టంలోంచి దిగి రొవీనాలో దూరేది. ఆమె మగగొంతుతో నవ్వేది... గోళ్ళతో గోడల సున్నం గీరేది... తెల్లవారితే వాడు పోయేవాడు, ఆమె వణుకుతూ మిగిలేది. డాక్టరు చలిజ్వరమన్నాడు. ఏడాదిలోకెల్లా పొడుగు రాత్రి ఇది... ఈ సాయంత్రం వాడు దూరితే ఇక పోడు! రొవీనా ప్రాణం కపాలంలోకి, వాడు రొవీనా దేహంలోకి... ఆమె రూపంలో ఇంటికి వారసుడు వాడే!

ఇవేవీ ఎరుగని హెస్టర్ కింది హాల్లో కౌన్సిల్ మనిషి టింగీతో పోట్లాడుతోంది. పాత కట్టడాల మీద ఆయన మాటే వేదం.

"ఆ పొగగొట్టం ఇటుకలు పెట్టి మూసేస్తానండీ. చలి అందులోంచే దిగుతోంది. పిల్ల చచ్చిపోతోంది!"

టింగీ టీ చప్పరించాడు. "కుదరదండీ. ఇల్లు ఊపిరి తీసుకునేది దాంతోనే."

"పోనీ, కిటికీలకు రెండో అద్దం?"

"అబ్బే! ఆ సీసపు జాలీ అందం ఏమైపోతుంది?"

"వేడినీటి గొట్టాలైనా?"

"దరఖాస్తు పెట్టుకోండి, చూస్తాం."

"ఏళ్ళ తరబడి ఇదే మాట! మా తాతను ఈ మాటే చంపింది, మా నాన్ననూ ఇదే చంపింది. మేకు కొట్టాలన్నా దరఖాస్తే. తుమ్మాలన్నా పెట్టుకోవాలా?"

"పైకప్పు పెళ్ళలు రాలేంత గట్టిగా తుమ్మితే, అవును" అని టింగీ గాజుపెట్టె వైపు వేలు చూపించాడు. "అసలు దాన్ని ఎవరు కదపమన్నారు? బూటు కూడా కట్టడంలో భాగమే. దయ్యం మనిషనుకుని అందులో దూరుతుందట. దూరాక వెనక్కి నడవడం దానికి రాదట. పెద్దలేదో నమ్మి పెట్టారు. మీరు దాన్ని తిరిగి గూట్లో పెట్టేదాకా మీ కాగితం నేను ముట్టను."

అప్పుడే మేడ మీంచి... కెవ్వుమని కేక!

"అక్కా...! దిగుతున్నాడక్కా...! పొగగొట్టంలో... వాడు...!"

హెస్టర్‌లో ఏదో ఫెటేలున తెగింది.

"నా చెల్లి చలికి చస్తే ఫరవాలేదు! ఈ దిక్కుమాలిన బూటు మాత్రం చోటు తప్పకూడదు! అంతేగా? ఇదిగో, పెడుతున్నా! తర్వాత మీరే వచ్చి ఇటుకలు పేర్చాలి!"

పిడికిలితో గాజు పగలగొట్టింది. "అయ్యయ్యో, పెట్టె!" అన్నాడు టింగీ. నెత్తురోడే చేత్తో బూటు పట్టుకుని ఆమె మెట్లెక్కింది.

గదిలో రొవీనా మంచం మీద విల్లులా వంగిపోయి ఉంది. పొయ్యిలోంచి నల్లని ధూమం నాలుకలు చాస్తోంది! హెస్టర్‌కు అది పొగగానే కనబడింది. దగ్గుతూ, తిట్టుకుంటూ, చెయ్యి లోపలికి పెట్టి బూటును గూట్లోకి నెట్టింది.

ఫెళఫెళారావంతో పిడుగు!

దిగివస్తున్న ఆ ధూమరాశి బూటును చూసింది... మనిషి పాదమనుకుంది... ఆత్రంగా దూరింది! మడమ దాకా... వేళ్ళ దాకా... కొస దాకా...

ఆగిపోయింది.

వెనక్కి రాలేకపోయింది! భయంకరమైన ఆర్తనాదం పొగగొట్టమంతా సుడి తిరిగింది. గుడ్లగూబ ఎగిరిపోయింది. మంచుకొట్టులో కపాలం భళ్ళున పగిలి నీలిమంటలు లేచాయి. ఆ మంటల మధ్య ఆల్డస్ క్రేల్ శరీరం తేనె పిండేసిన పట్టులా డొల్లబారి... కూలి... బూడిదైంది!

రొవీనా కళ్ళు తెరిచింది. "అక్కా, చెయ్యంతా నెత్తురేంటే?" అంది. తన గొంతుతోనే. ఆ తర్వాత, "టీ ఉందా?" అంది.

హెస్టర్ పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. ఏడుపు తగ్గాక, తలపైన గూట్లోంచి సన్నని గొంతు వినబడింది. తేనెసీసా తెచ్చిన గొంతు.

"హెస్టర్ గారూ... నేనండీ, క్రేల్‌ని... ఆ పిల్ల దేహం, ఈ ఇల్లు, రెండూ నాకు అందేవే... మళ్ళీ మీ జోలికి రానండీ... చాలా ఇరుకు... పసిబిడ్డ బూటండీ ఇది... కాస్త పక్కకు కదపండి చాలు... మీకు పుణ్యముంటుంది..."

ఆమెకంతా అర్థమైంది. చెల్లెలి వైపు చూసింది. గూటి వైపు చూసింది. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట మొదటిసారి తియ్యగా నోటికి వచ్చింది.

"కుదరదండీ. కట్టడంలో భాగం కదా, కదపకూడదు" అంది. లేచి, బట్టలకంటిన మసి దులుపుకుంది.

"దరఖాస్తు పెట్టుకోండి. చూస్తాం."