పని లేని ఫోన్‌కాల్

"అది అబద్ధం చూపిస్తుంది. నేనొప్పుకోను," అంది ఆమె, మొదటి రోజు మొదటి కాల్‌లోనే.

"అబద్ధం కాదండీ, సర్దుబాటు," అన్నాడతను.

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి, లోపల ఏ విలువలున్నాయో చూపించే డీబగ్గర్‌ను వీళ్ళిద్దరూ కలిసి తయారుచేస్తున్నారు. అది చూపించాల్సిన ప్రోగ్రామ్ సగం ఆమెకు వచ్చిన కంప్యూటర్ భాషలో, సగం అతనికి వచ్చిన భాషలో ఉంది. ఆమె భాషలో సంఖ్య ఎంతైనా పెరగొచ్చు. అతని భాషలో దానికో హద్దుంది. హద్దు దాటిన విలువను ఎలా చూపించాలి? కుదించి చూపిద్దామంటాడు అతను. పట్టదని చెప్పేద్దామంటుంది ఆమె. వేర్వేరు ఊళ్ళలో, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, రోజూ నాలుగింటి నుంచి ఇదే తగువు.

"ఆ గొడవల పిల్లతో ఎలా వేగుతున్నావయ్యా?" అని అతని వదిన జాలిపడేది.

చివరికి ఆమె మాటే నెగ్గింది. పని పూర్తయింది. కాల్స్ ఆగిపోయాయి.

పదకొండో రోజు, నాలుగయ్యేసరికి అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏ కాలూ లేని స్క్రీన్ ముందు కూర్చున్నాడు. ఉతికిన బట్టలు మడతపెడుతున్న వదిన పరీక్షగా చూసింది.

"పీడ వదిలిందనుకున్నాను. ఆ మొహమేంటి, అలా వేలాడేశావు?"

"పనేం లేదు వదినా."

"పని లేక దిగులా, ఆ పిల్ల లేక దిగులా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. బయట వాన. ఇదివరకైతే, "ఆ కిటికీ వేయండి, ఒక్క ముక్కా వినపడట్లేదు," అని ఆమె కసిరేది. ఇప్పుడు కిటికీ బార్లా తెరిచే ఉంది. కసిరేవాళ్ళే లేరు.

"ఏం చెప్పి ఫోన్ చేయను? ప్రోగ్రామ్‌లో బగ్గేమీ, తప్పేమీ లేదుగా," అన్నాడు చివరికి.

"లేదనే చెప్పు," అంటూ వదిన ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

అటు ఎత్తింది ఆమె తండ్రి. "అమ్మాయ్! నీతో రోజూ పోట్లాడే అబ్బాయి!"

పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. "మళ్ళీ ఏం పాడైంది?"

"ఏమీ పాడవలేదు."

"మరి?"

"నాలుగైతే మీ గొంతు వినాలనిపిస్తోంది. పోట్లాడినా సరే."

"ఇది చెప్పడానికి పదకొండు రోజులా?" అంది ఆమె. "మీకు పంపుదామని నేనో బగ్ రిపోర్ట్ మొదలుపెట్టాను. రాయడానికి ఒక్క తప్పూ దొరకలేదు."

"ఏంటమ్మా, మళ్ళీ గొడవా?" అన్నాడు వెనక నుంచి తండ్రి.

"కాదు నాన్నా. ఆదివారం మనింటికి వస్తారట."

వస్తానని అతను ఒక్క ముక్కా అనలేదు. "ఎన్నింటికి రమ్మంటారు?" అని మాత్రం అడిగాడు.