ఇటుకరంగు స్పార్క్‌ప్లగ్

స్పార్క్‌ప్లగ్‌లు రెండూ టేబుల్ మీద పక్కపక్కనే పెట్టాడు చీఫ్ కాశీవిశ్వనాథం. ఒకటి లేత గోధుమరంగు. రెండోది ఇటుకరంగు.

అది రాజమండ్రిలో ఒక మోటారు స్పేర్‌పార్ట్స్ షాపు పైగది, గూఢచారి శాఖ రహస్య ఆఫీసు. 1983 నవంబరు.

"ఆ ఎర్రది మీ పడవలోది. నిన్ననే ఇంజన్ నీళ్ళలోంచి పైకి తీశాం."

ఏజెంట్ జోగేశ్వరరావు దాన్ని ముట్టుకోలేదు. నెల క్రితం ఒక విదేశీ ముఠా స్పీడ్‌బోటును వెంటాడుతుంటే, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర అతని గస్తీ పడవ ఆగిపోయింది. డ్రైవర్ అమ్మిరాజు చేతులు బొబ్బలెక్కేదాకా స్టార్టర్ తాడు లాగుతూనే ఉన్నాడు. తర్వాత పెద్ద కెరటం వచ్చింది. ఒడ్డుకు చేరింది జోగేశ్వరరావు ఒక్కడే.

"పెట్రోల్‌లో ఏదో కలిపారు కదా సర్?"

"ఇనుము కలిసిన యాడిటివ్ మందు. కొంచెం పోస్తే మంచిదే. ఇంజన్ టకటకా కొట్టుకోవడం పోతుంది, పికప్ పెరుగుతుంది, పొగ కూడా తగ్గుతుంది. మోతాదు మించితే మండగా మిగిలిన తుప్పు ప్లగ్ మీద పేరుకుంటుంది. ఇంజన్ బాగా వేడెక్కాక కరెంటు నిప్పురవ్వగా దూకదు, ఆ తుప్పు మీదుగా జారిపోతుంది. ఫుల్ స్పీడులో నడిపితే ఇరవై నిమిషాలు. అంతే."

"చేసిందెవరు?"

"లేసు కొనే వ్యాపారినని చెప్పుకుని నరసాపురంలో మకాం వేసిన బ్రూనో. సముద్రం అడుగున ఆయిల్ ఎక్కడుందో చూపే మన సర్వే మ్యాపులు అతని దగ్గరున్నాయి. రేపు సముద్రంలో ఆగి ఉన్న తన ముఠా ఓడకు చేరవేస్తాడు. లేసు ఎక్స్‌పోర్టర్ మీనాకుమారి అతని మనిషి, మన మనిషి కూడా. వెళ్ళి కలువు. ఇంకో మాట. బ్రూనో నాకు ప్రాణాలతో కావాలి."

జోగేశ్వరరావు లేచి మెట్లు దిగాడు.

మర్నాడు ఉదయం గ్రీజు మరకల ఖాకీ చొక్కాతో, బోటు మెకానిక్ వేషంలో నరసాపురం గోడౌన్‌లో అడుగుపెట్టాడు. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలతో మీనాకుమారి ఒక్కతే అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉంది.

"ఈ లేసులో ఒక ముడి తప్పిందండి" అన్నాడు.

"విప్పి మళ్ళీ అల్లొచ్చు లెండి." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మూడింటికి బయల్దేరతాడండి. మ్యాపులు లేసు పెట్టెలో ఉన్నాయి."

"ఆ రోజు మా టాంకులో మందు పోసిందెవరండి?"

"ఆయనే."

టేబుల్ మీద ఆమె లేసు చేతిరుమాలు ఉంది. అంచున నారింజరంగు మరక. జోగేశ్వరరావు జేబులోంచి లైటర్ తీశాడు. దానికి రెండు బటన్లు. ఒకటి నొక్కితే మంట, రెండోది నొక్కితే తూటా. మొదటిది నొక్కి రుమాలు అంచు అంటించాడు. తెల్లటి నూలు కాలి, ఇటుకరంగు బూడిద రాలింది. ఆ ప్లగ్ మీది రంగే.

మీనాకుమారి కళ్ళద్దాలు తీసింది.

"పడవ ఆగుతుందని మాత్రమే చెప్పారండి. మనిషి పోతాడని అనుకోలేదు."

అతని బొటనవేలు రెండో బటన్ మీదికి జరిగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఇవాళ కూడా పొయ్యమన్నాడా?"

"ఆ. మీ గస్తీ పడవలో."

"పొయ్యండి. పడవ మాత్రం మార్చండి. ఆ మందు డబ్బా మొత్తం ఆయన టాంకులోకి వెళ్ళాలి."

"నేనూ ఆ పడవ ఎక్కాలండి. ఎక్కకపోతే ఆయనకు అనుమానం వస్తుంది."

"ఎక్కండి" అన్నాడు.

మూడు గంటలకు స్పీడ్‌బోటు కదిలింది. వెనకే గస్తీ పడవ. నడుపుతున్నది అమ్మిరాజు తమ్ముడు అప్పాజీ. మందు పని చేసి బ్రూనో ఇంజన్ మరీ హుషారుగా గర్జించింది. దూరం పెరిగింది.

"దాటిపోతున్నాడండి" అన్నాడు అప్పాజీ.

"పోనీ."

మొగ వచ్చింది. ఆవల ఓడ కనిపిస్తోంది. స్పీడ్‌బోటు ఒకసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

జోగేశ్వరరావు గస్తీ పడవ వేగం తగ్గించమన్నాడు. యాభై గజాల దూరంలో నిలబడి చూశాడు. బ్రూనో స్టార్టర్ తాడు లాగుతున్నాడు. ఆ చప్పుడు నెల రోజులుగా జోగేశ్వరరావు చెవుల్లో ఉన్నదే. కెరటాలు స్పీడ్‌బోటును ఇసుకదిబ్బల వైపు నెడుతున్నాయి.

"తాడు వెయ్యమంటారాండి?"

"నీకు వెయ్యాలనుందా?"

అప్పాజీ నీళ్ళకేసి చూశాడు. "లేదండి."

నిమిషాలు గడిచాయి. బ్రూనో లేసు పెట్టెను నీళ్ళ మీదకు చాపాడు. "తాడు వెయ్యండి. లేకపోతే మ్యాపులు మునుగుతాయి."

మీనాకుమారి ఒక్క ఉదుటున పెట్టె లాక్కుని పొట్టకు అదుముకుంది. బ్రూనో పిస్టల్ తీసి ఆమె తలకు గురిపెట్టాడు. జోగేశ్వరరావు ఊరుకుంటే చాలు. పగ సగం బ్రూనో తీరుస్తాడు, మిగతా సగం గోదావరి.

అతను రైఫిల్ పేల్చాడు. బ్రూనో చేతిలోంచి పిస్టల్ ఎగిరిపోయింది.

"ఇప్పుడు వెయ్యి" అన్నాడు. పెద్ద కెరటం లేస్తుండగా తాడు బిగిసింది.

మణికట్టుకు కట్టుతో, తడిసిన కోటుతో ఒడ్డు దిగిన బ్రూనో గుర్రుగా అడిగాడు. "నా ఇంజన్‌కు ఏం చేశావు?"

"మీ సరుకే పోశాం. చుక్క కల్తీ లేదు."

ఆ సాయంత్రం మీనాకుమారి తనంతట తానే చేతులు చాపి బేడీలు వేయించుకుంది. జోగేశ్వరరావు ఆమెవైపు చూడలేదు. క్షమించాడో లేదో అతనికే తెలియదు.

కాశీవిశ్వనాథం రిపోర్టు చదివి తలెత్తాడు.

"పడవ ఆగిపోయాక తాడు వెయ్యడానికి అంతసేపు ఎందుకు పట్టింది?"

"చిక్కుపడిందండి" అన్నాడు జోగేశ్వరరావు.

కాశీవిశ్వనాథం పక్కనున్న అప్పాజీ వైపు తిరిగాడు. పుట్టింది మొదలు వలలతో, తాళ్ళతో బతికినవాడు అప్పాజీ.

"అవునండి. బాగా చిక్కుపడింది."

కాశీవిశ్వనాథం ఇద్దరినీ కాసేపు చూసి సంతకం పెట్టాడు.

"అలాంటి తాడు సర్వీసులో ఉంచకూడదు. రేపే మార్పించండి."