మాస్టారు సరిచేసిన దూలాలు

"ఈ రాళ్ళు ఎవరు కొన్నారండీ?"

పెరట్లో గులకరాళ్ళ గుట్ట ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి అడిగింది కార్పెంటరమ్మాయి. భుజాన పనిముట్ల సంచి, చెవి వెనక పెన్సిలు.

"నేనే. నున్నగా, గుండ్రంగా భలే ఉన్నాయి కదా?" అన్నాడు మాస్టారు గర్వంగా.

"చేపల తొట్టిలో వేసుకోడానికి భలే ఉంటాయి. డెక్ కిందకి మాత్రం పనికిరావు."

మాస్టారంటే నెరిసిన జుట్టు, కళ్ళజోడు అనుకునేరు. ఇంకా ముప్ఫై నిండని కుర్ర లెక్చరర్. కాలేజీలో లెక్కలు చెబుతాడు. అతను గొంతు సవరించుకుంటే అరవైమంది పుస్తకాలు తెరుస్తారు. అలాంటివాడికి సొంత పెరట్లో, పరిచయమైన మొదటి నిమిషంలోనే సున్నా మార్కులు పడ్డాయి.

"ఎందుకు పనికిరావో కాస్త చెబుతారా?" అన్నాడు రోషంగా.

ఆమె ఒక గులకరాయి మీద ఇంకోటి పెట్టింది. అది దొర్లిపోయింది.

"గుండ్రాళ్ళని ఎంత దిమ్మిస కొట్టినా ఇంతే, కదులుతూనే ఉంటాయి. మూలలున్న కంకరైతే ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటుంది. మీ అమ్మగారు చేతికర్రతో నడుస్తారని ఫోన్లో అన్నారు. ఆవిడ అడుగు కింద ఏదీ కదలకూడదు."

మాస్టారి రోషం అక్కడితో చల్లారింది. డెక్, అంటే పెరట్లో ఆ చెక్కల అరుగు, కట్టిస్తున్నదే అమ్మ కోసం. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ వెనక గుమ్మం దాటలేదు. ఎగుడుదిగుడు నేల మీద అడుగు వేయాలంటే భయం. పెరట్లో ఎండలో కూర్చోవాలని మాత్రం మహా కోరిక.

మర్నాటికి గులకరాళ్ళు వెళ్ళిపోయాయి, కంకర వచ్చింది. జానెడు లోతు తవ్వి, గడ్డి మొలవకుండా మందపాటి గుడ్డ పరిచి, దానిమీద కంకర పోయించింది. సగం పోశాక ఒకసారి, నిండా పోశాక ఇంకోసారి దిమ్మిస మెషిన్ నడిపింది. ఇల్లంతా గడగడలాడింది. ఆ వారమంతా మాస్టారికి కాలేజీ నుంచి ఇల్లు దగ్గరైపోయింది. కాఫీ అని ఒకసారి, మంచినీళ్ళని ఇంకోసారి, ఏమీ లేకపోతే "కంకర సరిపోయిందా?" అని మూడోసారి పెరట్లోకి వచ్చేవాడు.

ఆమె ఒక కన్ను మూసి, కట్టిన తాడు వెంబడి చూస్తుంటే అతనికి ఎక్కాలు మర్చిపోయినంత పనయ్యేది.

"ఒరేయ్, ఆ పిల్ల చూస్తోంది తాడుని. నిన్ను కాదు. లోపలికి రా" అనేది అమ్మ కిటికీలోంచి.

శనివారం సాయంత్రానికి కంకర మీద ఐదు దూలాలు బారుగా పరుచుకున్నాయి. ఇక చెక్కలు పరవడమే మిగిలింది. ఆమె చేతులు దులుపుకుంటూ చెప్పింది.

"రేపు మా నాన్న వస్తున్నారు."

"మీ నాన్నగారా? ఎందుకూ?"

"పని చూడ్డానికి. ఆయనకి ముప్ఫై ఏళ్ళ తలుపుల షాపుంది. నేనందులోంచి బయటికొచ్చి మొదలుపెట్టిన మొదటి పని ఇదే. చెక్కలు పరిచాక ఎవడైనా మెచ్చుకుంటాడు, పరవక ముందే చూస్తానన్నారు. నచ్చితే ఇక నా పని నాది. లేదంటే సోమవారం నుంచి షాపులో కూర్చుని తలుపుల కొలతలు రాసుకోవాలి."

"భయంగా లేదా?"

"భయమెందుకు? చేసింది నేనేగా!"

ఆ మాటకి మాస్టారు పూర్తిగా పడిపోయాడు. మనిషన్నాక అలా ఉండాలనుకున్నాడు. ఆ రోజుకి అంతవరకే అనుకుని ఊరుకుంటే బాగుండేది.

ఆదివారం పొద్దున్నే ఆమె వదిలివెళ్ళిన రసమట్టం కనిపించింది. సరదాగా తీసి దూలం మీద పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ మధ్యలో లేదు. ఇంటివైపు జరిగి ఉంది, అంటే అవతల తోటవైపు దిగినట్టు. రెండో దూలం మీదా అంతే. ఐదూ అంతే.

పాపం, ఎక్కడో పొరపాటు పడింది! పదింటికి వాళ్ళ నాన్న వస్తాడు. ఫోన్ చేసి చెబితే చిన్నబుచ్చుకుంటుంది. చెప్పకుండా సరిచేసేస్తే? ఆమె గెలుస్తుంది, తనకి తృప్తి మిగులుతుంది. ఆలోచన అద్భుతంగా తోచింది. గునపం తెచ్చి దూలాల తోటవైపు చివర్లు ఒక్కోటీ లేపి, కిందకి గుప్పెళ్ళకొద్దీ కంకర కూరాడు.

"ఆ అమ్మాయిని అడిగే చేస్తున్నావా?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"అమ్మా, నేను లెక్కల మాస్టార్ని. సమానమంటే ఏంటో నాకు తెలీదా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకో" అని గొణుక్కుంటూ ఆవిడ లోపలికెళ్ళింది.

రెండు గంటల తర్వాత ఐదు దూలాల మీదా బుడగ నట్టనడుమ నిలిచింది. మాస్టారు ఛాతీ విరుచుకుని స్నానానికి వెళ్ళాడు.

పదింటికి తండ్రీకూతుళ్ళు వచ్చారు. పెద్దాయన పొడుగ్గా, పొదుపుగా మాట్లాడే రకం. కంకరని మడమతో తొక్కి చూసి తలూపాడు. దూలాల మధ్య దూరం కొలిచి మళ్ళీ తలూపాడు. తర్వాత రసమట్టం పెట్టాడు. ముఖం మారింది.

"వాటం ఏదమ్మా?"

ఆమె వంగి చూసింది. రసమట్టాన్ని పక్క దూలం మీదకి మార్చి మళ్ళీ చూసింది.

"చేతికర్ర ఇరుక్కోకుండా చెక్కలు దగ్గరగా వేస్తానన్నావు. బాగుంది. మరి వాన నీళ్ళు ఎటు పోవాలి? తోటవైపు ఓ అంగుళం పల్లం ఉంటేనే కదా పోయేది! ఇలాగైతే నీళ్ళు నిలుస్తాయి, పాచి పడుతుంది. ఆవిడ జారిపడుతుంది."

మాస్టారికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. తను చేసింది సాయం కాదు. అమ్మ కాలు జారడానికి ఏర్పాటు!

"నిన్న సరిగ్గానే పెట్టాను నాన్నా. ఎలా మారిందో తెలీదు. అయినా నా సైట్‌లో జరిగింది కాబట్టి తప్పు నాదే" అంది. తల దించలేదు.

ఇప్పుడు నోరు విప్పితే ఆమె ఇక తన ముఖం చూడదు. విప్పకపోతే రేపట్నుంచి షాపులో కూర్చుంటుంది. మాస్టారు ఒక్క క్షణం కూడా లెక్కవేయలేదు.

"తప్పు నాది సార్. పొద్దున నేనే లేపాను. బుడగ పక్కకుంటే ఆవిడ పొరపాటు పడ్డారనుకున్నాను."

ఆమె అతనివైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు, నిప్పులూ కలిసే ఉన్నాయి.

"కంకర కూరినందుకు కాదు నా కోపం. వారం రోజులు పక్కనే ఉండి నా పని చూశారు. ఒక్క మాట అడగలేకపోయారా? నేను తప్పు చేశాననే ఎందుకు తోచింది మీకు?"

అంత సిగ్గు అతనికి ఎప్పుడూ కలగలేదు.

"సాయంత్రం దాకా ఉండండి నాన్నా" అందామె. "మాస్టారూ, గునపం తీయండి. ఎవరు కూరారో వాళ్ళే తీస్తారు. నేను చెప్పినంతే, చెప్పినప్పుడే."

పెద్దాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అమ్మ పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది. కొడుకు చెమటలు కక్కుతూ గుప్పెడు గుప్పెడు కంకర తీస్తుంటే ఇద్దరూ హాయిగా చూశారు. ఆమె ప్రతి దూలం కిందా కంకరని చేతి దిమ్మిసతో మళ్ళీ బిగించింది. మూడింటికి చివరి దూలం కుదిరింది. గుమ్మం దగ్గర నాలుగు చెక్కలు ఊరికే పరిచి చూస్తుండగా వాన మొదలైంది.

ఎవరూ లోపలికి పరిగెత్తలేదు. నీళ్ళు చెక్కల మీద ఓ క్షణం తటపటాయించి, తోటవైపు బుద్ధిగా జారిపోయాయి. అమ్మ లేచింది. కర్ర ఆనించి గుమ్మం దాటి, చెక్కల మీద నిలబడింది.

"కదలట్లేదు" అంది ముఖమంతా తడుపుకుంటూ.

పెద్దాయన కూతురి తల నిమిరాడు. "షాపుకి ఇంకొకళ్ళని చూసుకుంటాలే."

ఆమె ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వు చూశాక మాస్టారు ఆగలేకపోయాడు.

"ఈసారి అడిగే చేస్తానండీ. మీరంటే నాకు ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అమ్మ కర్ర మీద ఆనుకుని నోరు తెరిచింది. పెద్దాయన కళ్ళు చిన్నవి చేశాడు.

"నన్నడుగుతున్నావా, మా అమ్మాయినా?"

"ఆవిడనే సార్."

"బతికిపోయావు. నన్నడిగుంటే పొద్దుటి సంగతి గుర్తొచ్చేది."

ఆమె చెవి వెనక పెన్సిలు సర్దుకుంది. వాన చినుకుల్లోంచి మాస్టార్ని నిదానంగా, పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరన్నా నాకు ఇష్టమే. మా నాన్న ముందు నిజం చెప్పినప్పుడు ఇంకా ఇష్టమేసింది. కానీ రేపు ఎనిమిదింటికి చెక్కలు పరవాలి. కాలేజీకి సెలవు పెట్టి అవతలి చివర పట్టుకుంటారా?"

"ఎన్ని రోజులు?"

"డెక్ అయితే రెండ్రోజుల్లో అయిపోతుంది" అందామె. "ఆ తర్వాత కూడా పట్టుకునే ఉండండి."