నిలకడ తప్పిన ఆదివారం

2076 నాటికి విశాఖలో సైకిల్ నేర్చుకోవడమన్న మాటే మాయమైపోయింది. ప్రతి సీటు కిందా కొబ్బరికాయంత పెట్టె. అందులో గిర్రున తిరిగే భ్రమణచక్రం, అంటే జైరోస్కోప్. దాని పేరు 'నిలకడ'. సైకిల్ ఒరగబోతే చాలు, నిలబెట్టేస్తుంది; అడిగితే బదులూ చెబుతుంది. బీచ్ రోడ్డు నిండా సైకిళ్లే. ఎవరూ పడరు, కాబట్టి ఎవరి కోసమూ ఎవరూ ఆగరు.

దాన్ని కనిపెట్టిన మందాకినికి కూడా అది లేకుండా సైకిల్ రాదు. చిన్నప్పుడు ఆమె సీటు పట్టుకుని వెనక పరిగెత్తేవాళ్లు లేకపోయారు. ఆ కసితోనే ఈ యంత్రం చేసింది. ఇప్పుడు అరవై దాటాయి. పగలంతా ఆమెతో మాట్లాడేది ఆ పెట్టొక్కటే.

ఆదివారం ఉదయాల్లో పాత గోదాముల మైదానంలో జనం పడిపోతున్నారని కబురొచ్చింది. లోపమని తేలితే 'నిలకడ'ను నిషేధిస్తారు. మందాకిని ఆదరాబాదరా సైకిలెక్కి బయల్దేరింది.

ఆమె కళ్లముందే నెరిసిన మీసాల అప్పలనర్సయ్య ధబ్బున పడ్డాడు. సీటు పట్టుకుని వెనక పరిగెడుతున్న అమ్మాయి పకపకా నవ్వి లేవదీసింది.

"నా చేతిలో పడ్డావు బాబాయ్! పునుగులు నేనే పెట్టిస్తా, పద."

పడ్డవాళ్లకు, వెనక సీటు పట్టినవాళ్లు తినిపించాలి. అది అక్కడి కట్టుబాటు.

మందాకిని ఆయన సైకిల్ దగ్గర వంగింది. "నిలకడా, ఎందుకు ఆగావు?"

"ఆగలేదు. నా భ్రమణచక్రానికెళ్లే తీగ ఆయనే పీకేశాడు."

"తొక్కడం నేర్చుకోవాలనా?"

"ఆయనకు వచ్చు. హ్యాండిల్ మీద చేతి ఒత్తిడి చెబుతుంది. ఇన్ని ఆదివారాల్లో ఇక్కడ అందరికీ వచ్చేసింది. కావాలనే పడతారు."

మందాకిని భుజాన ఉన్న సంచిలోంచి ఓ సీలు తీసింది. "తీగ పీకకుండా సీలు వేసేస్తే?"

"ఎవరూ పడరు. పట్టుకోడానికి ఎవరూ రారు కూడా."

ఆమె సీళ్ల సంచి మూసేసింది. తన సైకిల్ తీగ పీకింది.

"పడిపోతారు," అంది యంత్రం.

రెండు పెడళ్లు తొక్కిందో లేదో, మోకాలు చీరుకుపోయింది. అప్పలనర్సయ్య పునుగుల పొట్లంతో పరిగెత్తుకొచ్చాడు.

"అబ్బ, ఏం పడ్డారమ్మా! అచ్చం రానోళ్లలాగే!"

"నాకు... నిజంగానే రాదండీ."

ఆయన కళ్లు మెరిశాయి. మైదానం దద్దరిల్లేలా అరిచాడు.

"ఒరేయ్, ఇలా రండర్రా! ఈవిడకు నిజంగానే రాదంట!"

సైకిళ్లన్నీ ఎక్కడివక్కడ పడేసి, ఒకరినొకరు తోసుకుంటూ, ఆమె సీటు వెనక వరస కట్టారు.