కొత్త కారులో తడి

షీదా సంచిలో తూబా పెట్టిన నిమ్మరసం సీసా అప్పటికి మూడోసారి బయటికి వచ్చింది.

"బీబీ, రఫ్‌సంజాన్‌లో కూడా నిమ్మరసం దొరుకుతుంది," అంటూ మనవరాలు సీసాను తివాచీ మీద పెట్టింది.

"దొరుకుతుంది. అది నిమ్మరసమా, పసుపు నీళ్ళా అన్నది పైవాడికే తెలియాలి." తూబా సీసాను తువ్వాలులో చుట్టి మళ్ళీ సంచి అడుక్కి తోసింది.

"ఇది పగిలిందంటే నా పుస్తకాలన్నీ పులిసిపోతాయి."

"పులిస్తే నంచుకుని చదువు. అప్పుడైనా ఒంటబడుతుంది."

షీదా నవ్వి, సీసాను ఇక ముట్టుకోలేదు. గురువారం ఉదయం అది. షీరాజ్‌లో ఎండ ఇంకా గోడ దిగలేదు. మర్నాడు పొద్దున్నే కొడుకు ఇరజ్, కోడలు ఫరంగీస్ కారులో పిల్లను తీసుకెళ్ళి రఫ్‌సంజాన్ హాస్టల్లో దింపి రావాలి. పిస్తా చెట్లకు వచ్చే తెగుళ్ళ మీద రెండేళ్ళ పెద్ద చదువు. దేశం మొత్తం మీద పదకొండు మందిని తీసుకుంటే అందులో షీదా ఒకతె. శనివారం మధ్యాహ్నం లోపల తండ్రి వెంట వచ్చి సంతకం పెట్టకపోతే సీటు పన్నెండో వాళ్ళకు పోతుంది.

తూబా సంచి సర్దుతూనే ఉంది. సర్దడం ఆపితే ఏడవాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. మడతపెట్టిన బట్టనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

అప్పుడే సందులో హారన్ మొదలైంది. ఒకసారి మోగి ఆగే హారన్ కాదు. తోక తలుపులో ఇరుక్కున్న గాడిదలా ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది.

"మళ్ళీ వచ్చింది దయ్యం," అంటూ ఫరంగీస్ వంటగదిలోంచి పరుగెత్తింది. తూబా కూడా చున్నీ సర్దుకుని వెనకాల వెళ్ళింది.

పెట్రోలు పోయించుకొద్దామని బయలుదేరిన ఇరజ్ సందు మలుపు కూడా దాటలేదు. కారు ఆగిపోయింది, హారన్ అందుకుంది, పక్క కిటికీ అద్దం తనంతట తాను కిందికి జారింది. ఎదురింటివాళ్ళు తలుపులు తీసి చూస్తున్నారు. ఇరజ్ బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ పీకేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం.

ఆ తెల్ల కారు వచ్చి ఎనిమిది నెలలే అయింది. కంపెనీవాళ్ళు లాటరీ తీసి అమ్మే కార్లు అవి. ఇరజ్ నాలుగేళ్ళు పేరు రాస్తే రాలేదు. ఫరంగీస్ పేరు రాయగానే మొదటి డ్రాలో వచ్చింది. ఆ రోజు ఇంటి ముందు కోడిని కోశారు, నాలుగు చక్రాల కింద నాలుగు గుడ్లు చితకగొట్టారు. ఇరజ్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. "గుడ్డుకీ చక్రానికీ ఏం సంబంధం? టైరంతా జిగట," అని ఆరోజే విసుక్కున్నాడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ తీయలేదు.

రెండో నెలలో స్టీరింగు ముందున్న హెచ్చరిక దీపాలన్నీ కలిసి వెలిగాయి. మూడో నెలలో అద్దాలకు సొంత బుద్ధి పుట్టింది. ఐదో నెలలో చౌరస్తా నడుమ ఇంజను ఆగి, వెనక బండ్లవాళ్ళు ఇరజ్ ఏడు తరాలనూ తలుచుకున్నారు. కాళ్ళ కింద తివాచీ ఎప్పుడూ తడి, ఎప్పుడూ ముక్కిన వాసన. కంపెనీ వర్క్‌షాపుకి నాలుగుసార్లు తీసుకెళ్తే నాలుగుసార్లూ ఒకటే మాట, "వీటికి అది సహజమేనండి." ఆ మాట ఇంట్లో సామెత అయిపోయింది. అన్నం మాడితే సహజమేనండి. కుళాయి కారితే సహజమేనండి.

ఈ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"మోగింది విన్నావా, నీ అదృష్టం?" అన్నాడు ఇరజ్ భార్యతో. "వీధంతా విన్నది."

"పేరు రాసిందెవరు? నీ చేత్తో నువ్వే రాశావు. నీకు రాకపోవడమూ నా తప్పే, నాకు రావడమూ నా తప్పేనా?"

"రోజూ పైపు పెట్టి కడుగుతున్నావా దీన్ని? లేకపోతే ఈ తడి ఎక్కణ్ణుంచొస్తుంది?"

"వంటింట్లో గిన్నెలు కడగడానికే నాకు తీరదు, నీ కారు కడుగుతానా!"

సందు చివర షెడ్డు నుంచి మెకానిక్ ఓస్తా కాజెం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "కాకో, సోదరా, కారు మీద కోపం భార్య మీద చూపిస్తే రెండూ స్టార్ట్ కావు. జరుగు," అని ముందద్దం కింద ఉన్న నల్ల ప్లాస్టిక్ జాలీ విప్పాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు ఏదో లాగాడు. నల్లగా, మెత్తగా, టీ కెటిల్ అడుగున మిగిలే పిప్పిలా ఉంది.

తూబా టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వాసన చూడక ముందే అదేమిటో ఆమెకు తెలిసింది.

"నారింజాకు," అన్నాడు కాజెం వాసన చూసి. "వాన నీళ్ళు పోయే కాలువ మొత్తం దీనితో పూడిపోయింది. పడ్డ నీళ్ళు పడ్డట్టే లోపలికి దిగుతున్నాయి, సరిగ్గా వైర్ల పెట్టె నెత్తిన. అందుకే ఈ శివాలు."

"ఈ సందులో నారింజ చెట్టెక్కడుంది?" అన్నాడు ఇరజ్. "మా చెట్టు పెరట్లో ఉంది, గోడకు అటువైపు. పైగా చూడు, ముక్కలు ముక్కలుగా ఉంది."

"ఎలుక. కొరికి తెచ్చి గూడు కట్టుంటుంది."

"ఆకులు ఎలుక తెచ్చింది, సరే. నీళ్ళు కూడా ఎలుకే మోసుకొచ్చిందా? ఆర్నెల్లుగా ఊళ్ళో చినుకు లేదు."

కాజెం గడ్డం గోక్కున్నాడు. "అది నాకూ అర్థం కాలా. సాయంత్రం దాకా ఆరబెడితే మాత్రం బంగారంలా నడుస్తుంది. మళ్ళీ నీళ్ళు దిగకపోతే."

"ఎందుకొచ్చాయో తెలియనివి మళ్ళీ రావని ఎలా అంటావ్? సీర్జాన్ దారిలో, ఆ ఎడారి నడుమ, వంద మీద పోతుండగా ఆగితే? పక్కన పిల్ల, వెనక లారీలు." ఇరజ్ బానెట్ దించాడు. "కారణం దొరకని తప్పును నమ్మి నా బిడ్డను ఎక్కించను. వెళ్ళట్లేదు."

"బస్సులో వెళ్దాం నాన్నా," అంది షీదా. ఎప్పుడు వచ్చిందో, గోడ పక్కన నిలబడి ఉంది.

"టికెట్లు వారం కిందటే అయిపోయాయి. నువ్వే చూశావుగా."

"మా తమ్ముడి కారు?" అంది ఫరంగీస్.

"బూషెహ్ర్ నుంచి వాడు ఎప్పుడొస్తాడు? శనివారం సాయంత్రమా?" ఇరజ్ గొంతు తగ్గింది. "వచ్చే ఏడు చూద్దాం షీదా జాన్."

"వచ్చే ఏడు మళ్ళీ ఆ పదకొండు మందిలో నేనుంటానా?"

షీదా లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి సంచి జిప్పు తెరిచిన చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడుకి తూబా గుండెలో పాడు సంతోషం ఒకటి పొంగింది. పిల్ల ఉండిపోతుంది. రేపు ఉదయం ఈ గదిలోనే జుట్టు చిక్కు తీసుకుంటూ సణుగుతుంది. శీతాకాలం కింద కుంపటి పెట్టిన కుర్సీ బల్ల దుప్పటిలో కాళ్ళకు కాళ్ళు తగులుతాయి. తను ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. నేరమంతా ఎలుకది.

ఆమె వంటగదిలోకి వెళ్ళి సమోవార్ ముందు నిలబడింది. చల్లారిన టీ పారబోసి, వేడి టీ పొయ్యడానికి గ్లాసు తీసుకుంది, పొయ్యలేదు. షీదా వచ్చి నిమ్మరసం సీసాను అరలో పెట్టింది. వేళాకోళం ఆడుతుందని తూబా ఎదురుచూసింది.

"దాచెయ్ బీబీ," అంది షీదా. "సహజమేగా."

ఆ పిల్ల ముఖంలో ఏడుపు కూడా లేదు. ఇరవై మూడేళ్ళ ముఖం ఒక్క గంటలో, ఇక ఏమీ అడగని ఆడదాని ముఖమైపోయింది. ఆ ముఖం తూబాకు తెలుసు. దాదాపు నలభై ఏళ్ళుగా అద్దంలో చూస్తూనే ఉంది.

ఆమె ఖాళీ చేతులతో సందులోకి నడిచింది. కాజెం పనిముట్లు సర్దుకుంటున్నాడు. ఇరజ్ గట్టు మీద తల వంచుకు కూర్చున్నాడు. ఫరంగీస్ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎలుక కాదు," అంది తూబా. "నేను."

"ఏంటమ్మా నువ్వు?"

"నీళ్ళు. రోజూ తెల్లారి నమాజు కాగానే గిన్నెడు నీళ్ళు, అందులో నారింజాకు. నువ్వు చూస్తే తిడతావని ఆకును గోటితో చిదిమేదాన్ని. పోశాక అద్దం చున్నీతో తుడిచేదాన్ని."

ఇరజ్ మెల్లగా లేచాడు. "ముందద్దం మీదా?"

"బీబీ!" కాజెం చేతిలోంచి స్పానర్ జారింది. "లోకమంతా వెళ్ళేవాళ్ళ వెనకాల పోస్తుంది గదా నీళ్ళు! క్షేమంగా తిరిగి రావాలని!"

"వెనకాలే పోశాను నాయనా. మా ఆయన వెళ్ళినప్పుడు వెనకాలే పోశాను. నిండు గిన్నె, ఒక్క చుక్క మిగల్చకుండా." ఆమె కొడుకు వైపు తిరిగింది. "మీ నాన్న లారీ కూడా కొత్తదే ఇరజ్. ఐదు నెలలది. బ్రేకు తొక్కితే ఏదో మూలుగుతోందన్నాడు. కంపెనీవాళ్ళు కొత్త బండికి అది మామూలే అన్నారట. బందర్ రేవు దారిలో లోయ దగ్గర... నీకప్పుడు ఏడేళ్ళు. వచ్చిన కాగితం కూడా నేను చదవలేకపోయాను, పక్కింటామె చదివి పెట్టింది. అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాతే. వెనకాల పోస్తే సరిపోలేదు. అందుకని ఈసారి ముందు పోశాను. నువ్వు రోజూ వెళ్తావు, అందుకని రోజూ పోశాను."

ఆమె గొంతు తప్పు చేసిన బడిపిల్ల గొంతులా ఉంది.

"కారుతో ఇచ్చిన పుస్తకం మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను. ముందద్దం శుభ్రమైన నీళ్ళతో కడగమనే రాసుంది. ఆకు సంగతి అందులో లేదు."

కాజెం మొదట దగ్గు అన్నట్టు నటించాడు, తర్వాత ఆపుకోలేక నవ్వాడు. ఇరజ్ నవ్వలేదు.

"ఎనిమిది నెలలు! రెండు వందల నలభై గిన్నెలు!" అని అరిచాడు. "ఆ వర్క్‌షాపులో ఎంతమందితో పోట్లాడాను! ఫరంగీస్‌ని ఎన్ని మాటలన్నాను!"

"ఆ మాటలన్నీ నావి. తిరిగి తీసుకుని నన్ను అను. కానీ కారణం దొరికింది కదా. ఇక నీళ్ళు దిగవు. పిల్లను పంపించు."

ఇరజ్ ఆమె ముఖంలోకి చూశాడు. కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు. "నువ్వు చెప్పకపోతే షీదా ఇక్కడే ఉండిపోయేది. ఆ సంగతి తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి?"

"తెలుసన్నానుగా. అందుకే వంటగదిలోంచి రావడం ఆలస్యమైంది."

ఇరజ్ తల్లి చేతులు పట్టుకున్నాడు. చూపుడువేలి గోరు చివర ఆకుపచ్చ మరక. ఎనిమిది నెలలుగా ఆ చేతి నుంచి అన్నం తింటున్నాడు, ఆ మరకను చూడలేదు. "అమ్మా, నాన్న పోయింది బ్రేకు వల్ల," అన్నాడు. "నీ నీళ్ళ వల్ల కాదు. ఒక్క చుక్క కూడా తక్కువ పొయ్యలేదు నువ్వు." నలభై ఏళ్ళలో ఆ మాట ఆమెతో అన్నవాళ్ళు లేరు. తూబా అప్పుడు ఏడ్చింది, సందులోనే, ఎదురింటివాళ్ళు చూస్తుండగానే.

ఫరంగీస్ వచ్చి అత్తగారి భుజం చుట్టూ చెయ్యి వేసింది. "వాన లేని ఊళ్ళో నా కారు మీద రోజూ వాన కురిపించారు కదా అత్తయ్యా," అంది, ముక్కు తుడుచుకుంటూ. తర్వాత భర్త వైపు తిరిగింది. "నా అదృష్టం సంగతి రాత్రికి మాట్లాడుకుందాం, మాస్టారూ."

"క్షమించు," అన్నాడు ఇరజ్.

"గట్టిగా. హారన్ ఎంత గట్టిగా మోగిందో అంత గట్టిగా."

అతను అరిచాడు. ఎదురింటామె చప్పట్లు కొట్టింది. ఆ గోలకు షీదా బయటికి వచ్చి, సంగతి విని, గోడకు చేరగిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బీబీ మెడ కౌగిలించుకుని ముఖం దాచుకుంది, చాలాసేపు తియ్యలేదు.

ఆ మధ్యాహ్నమంతా కారు తలుపులన్నీ తెరుచుకుని ఎండలో నిలబడింది. ప్లాస్టిక్ కవర్లు మొదటిసారి ఊడాయి. తడి తివాచీలు గోడ మీద ఆరాయి. ఫరంగీస్ జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి వైర్ల పెట్టె మీద పట్టుకుంది. కాజెం కాలువ కడిగి, నీళ్ళు పోసి చూపించాడు. ఆ నీళ్ళు బుద్ధిగా చక్రం పక్కనుంచి నేల మీదికి జారిపోయాయి. సాయంత్రం ఇరజ్ ఊరి చుట్టూ మూడుసార్లు తిరిగి వచ్చి, "ఊఁ," అన్నాడు. లెక్క సరిపోతే అతను అనేది అంతే.

మర్నాడు ఉదయం ఆరున్నరకి బయలుదేరారు. తూబా సందు మలుపు దాకా నడిచింది. షీదా కిటికీలోంచి మెడ బయటికి పెట్టి ఏదో అరిచింది గానీ వినపడలేదు.

కొడుకూ కోడలూ ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. కారు ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత కూడా ఆగలేదు. షీదా కొత్త సంవత్సరం పండుగ నౌరూజ్‌కి వచ్చింది, వేసవిలో పది రోజులు వచ్చింది, మళ్ళీ నౌరూజ్‌కి వచ్చింది. చదువు అయ్యాక అక్కడి తోటల్లోనే ఉద్యోగం దొరికింది, అక్కడి అబ్బాయే నచ్చాడు. ఒక సాయంత్రం ఫోన్లో తూబా అలవాటుగా అడిగింది, "ఇంటికెప్పుడొస్తావే?"

"ఇంటికొచ్చేశాను బీబీ, ఇప్పుడే. చెప్పులు కూడా విప్పలేదు," అంది షీదా అవతలి నుంచి, గిన్నె పొయ్యి మీద పెడుతున్న చప్పుడు మధ్య.

తూబా ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. తర్వాత, "మంచిది తల్లీ, చెప్పులు విప్పుకో," అంది.

షీరాజ్ ఇంట్లో ఉండిపోవడానికి షీదా మళ్ళీ రాలేదు. ఆమె వెళ్ళింది ఇరాన్ క్యాలెండర్ ప్రకారం 1402 మెహర్ నెల ఏడో తారీఖు, శుక్రవారం.