లేని అత్త

మా అరకు కొండల్లో బిడ్డ పుడితే నీళ్ల గిన్నెలో బియ్యపు గింజలు వేస్తారు. ఒక్కో గింజకూ చనిపోయిన ఒక్కో పెద్దను తలుస్తారు. ఏ పేరుకు గింజ తేలితే ఆ మనిషి తిరిగొచ్చినట్టు. నా మనవరాలికి మా అమ్మ పేరు తేలింది. మంగ్లు.

నాలుగేళ్లొచ్చేసరికి ఆ పిల్ల, మా గుంట, ఊరి పక్క వాగును, ఆ గెడ్డను చూస్తే చాలు, తాను అందులో మునిగి చచ్చానని ఏడ్చేది. మా అమ్మ అలాగే పోయింది. పాత జ్ఞాపకం తలలో ఉండిపోయిందనీ, నుదుట వాత పెడితేనే వదులుతుందనీ ఊరికి మంత్రం, ముహూర్తం చూసే దిశారి సోంబరు చెప్పాడు. కోడలు దేముడమ్మ వణికిపోయింది. నా కొడుకు చలిజ్వరంతో పోయాక ఆమెకు మిగిలింది ఆ పిల్లే.

నేను ఒప్పుకోలేదు. రాత్రిబడిలో నాకు అక్షరాలు నేర్పిన ఎలీయేజరు మాస్టారు చెప్పేవారు, పిల్లల మెదడు తడకలు కట్టని ఇల్లని. చూసిందీ, విన్నదీ, ఊహించిందీ అక్కడ ఒకే చోట పడుకుంటాయట. పొయ్యి దగ్గర మా అమ్మ చావు గురించి మేం అనుకున్న మాటలే గుంట తనవి చేసుకుంది. అది రుజువు చెయ్యాలనుకున్నాను.

అసలు లేని అత్తను ఒకామెను కల్పించాను. చెవి తెగిన అత్త గెడ్డ ఒడ్డున నీకు పనసతొన పెట్టింది, గుర్తుందా అని రోజూ అడిగాను. మొదట తెల్లమొహం వేసింది. కొన్నాళ్లకు తల ఊపింది. ఆ తర్వాత నేను చెప్పనివి చెప్పింది. అత్త చేతులు చల్లగా ఉంటాయట. తడిసిన బూడిద వాసన వేస్తుందట...

వాత పెట్టే రోజున అదంతా సోంబరు ఎదుట చెప్పించాను.

"ఆ అత్త నేదు. నేనే కట్టి సెప్పాను," అన్నాను.

అతను వాత కడ్డీని నిప్పుల్లోంచి లాగి పక్కన పారేశాడు. ముసలితనంలో చదువుకుంటే ఇలాగే పుర్రె తిరుగుతుందని నన్ను దెప్పి వెళ్లిపోయాడు. దేముడమ్మ చాన్నాళ్లకు నవ్వింది.

సాయంత్రం మంచు గుమ్మందాకా దిగింది. మంగ్లు చీకటి మూలకు తిరిగి గుసగుసలాడుతోంది.

"ఎవరితోనే?"

"అత్తతో."

"ఏటంటంది?"

"కోపంగా ఉంది. నన్ను నేదన్నాడేటి మీ తాత, అంది."

తడిబూడిద వాసన. పొయ్యిలో మంట ఆరలేదు. అయినా వాసన...

"అలాటి మనిషి నేదే. కత అది."

గుంట నా వైపు చూసింది. నన్ను కాదు, నా వెనకనున్న గోడను.

"నువ్వే నేవంట తాతా. నిన్ను నాకు అత్తే కట్టి సెప్పిందంట."

దేముడమ్మ అంబలి పోసింది. ఒక గిన్నె తనకి, ఒకటి పిల్లకి. నేను పిలిచాను. తలెత్తలేదు. గట్టిగా పిలిచాను. వాత తప్పించింది నేను కదా...

"ఎవరితోనే మాటలు?" అని దేముడమ్మ కూతుర్ని అడిగింది.

మూడో గిన్నె అత్తకని ఆ చీకటి మూలలో పెట్టింది. అది మెల్లగా ఖాళీ అవుతోంది.