నాలుగు వందల ముప్పై వాట్లు

గురువారం ఉదయం 10:05కి ల్యాబ్‌లో గ్రాఫిక్స్ కార్డు విప్పారు. లోపల ఉండాల్సిన బోర్డు లేదు.

పైనున్న నల్లటి తొడుగు అసలుదే. సీరియల్ నంబర్ స్టిక్కరూ అసలుదే. లోపల మాత్రం వేరే కార్డు బోర్డు. కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, పోలీసుల్ని పిలవమన్నాడు.

కంప్యూటర్ విడిభాగాలను పరీక్షించి, ఏది కొనాలో ఏది కొనకూడదో జనానికి చెప్పడం ఆ ల్యాబ్ పని. ఈసారి వచ్చినవి ఒకే కంపెనీ గ్రాఫిక్స్ కార్డులు, రెండు రకాలు. చిన్నదానికి ఎనిమిది జీబీ మెమరీ; స్పేర్‌గా అలాంటిదే ఇంకొకటి కూడా పంపారు. పెద్దదానికి పదహారు, ధర రెట్టింపు. చూడ్డానికి రెండూ ఒకే కొలత. పెద్దది ఇంకా మార్కెట్లోకి రాలేదు.

పరీక్షించింది మీటరమ్మ. ల్యాబ్‌లో ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు. కనిపించిన ప్రతి ప్లగ్గుకూ కరెంటు మీటరు తగిలించే మనిషి. పద్దెనిమిదేళ్ల సర్వీసు. గేమ్ నడిపితే చిన్న కార్డు సెకనుకు 84 ఫ్రేములు, అంటే 84 బొమ్మలు, చూపించింది. పెద్దది 85. ఉన్నది ఉన్నట్టు రాసి వెబ్‌సైట్‌లో పెట్టింది.

కంపెనీ భగ్గుమంది. ల్యాబ్ యజమాని క్షమాపణ పత్రం టైపు చేయించి ఆమె ముందు పెట్టాడు. రిపోర్టు తప్పుల తడక అని ఒప్పుకోమన్నాడు. ఆమె పెన్ను కూడా ముట్టుకోలేదు. తనకు ఇచ్చిన కార్డులోనే ఏదో తేడా ఉందని, రిపోర్టు రెండో పేజీ చదవమని చెప్పింది. ఎవరూ చదవలేదు. కంప్యూటర్ తెర మీద పెద్ద కార్డు పేరే కనిపిస్తుంటే ఇంకేం చదవాలని యజమాని కసిరాడు.

సంగతి తేల్చడానికి కంపెనీ ఇంజనీరు వచ్చి కార్డు విప్పితే, ఇప్పుడు బోర్డే మాయమైంది. కార్డులు దాచే లాకర్ తాళం ఆమె దగ్గరే ఉంటుంది. అందరి చూపూ ఆమె మీదికి మళ్లింది.

10:50కి ఎస్సై వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. గ్రాఫిక్స్ కార్డుల గురించి తనకు ఓనమాలు కూడా తెలియవని ముందే చెప్పేసింది. మీటరమ్మకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కార్డు ఎప్పుడొచ్చింది?"

"సోమవారం 10:20కి."

"లాకర్లో ఎప్పుడు పెట్టారు?"

"1:15కి."

"మళ్లీ ఎప్పుడు తీశారు?"

"మంగళవారం తొమ్మిదింటికి. పరీక్షకి."

"మీరు కాక లాకర్ ఇంకెవరు తెరిచారు?"

"ఎవరూ తెరవలేదు. కెమెరాలో కూడా నేనే కనిపిస్తాను. చూసుకోండి."

"సంతకం పెట్టేసి ఉంటే గొడవ అప్పుడే సద్దుమణిగేది కదా?"

"నా అంకెలు అబద్ధమని నా చేత్తోనే రాయమంటే ఎలా రాస్తానండీ? ఉద్యోగం పోతే పోనివ్వండి."

కళ్లు దించలేదు. ఎస్సై ఆమెను ఒక్క క్షణం చూసి, రిపోర్టు అడిగి తీసుకుంది. రెండో పేజీ తిప్పింది. అందులో వాట్ల లెక్క ఉంది. సోమవారం 10:40కి, కార్డు అసలు పనిచేస్తుందో లేదోనని పది నిమిషాలు నడిపి చూసినప్పుడు, కంప్యూటరు లాగిన కరెంటు 430 వాట్లు. మంగళవారం అదే కంప్యూటరు, అదే కార్డు. 270.

ఎస్సై పేజీ మూసి, ఆ బిల్డింగులో మీటర్లు మొత్తం ఎన్ని ఉన్నాయని అడిగింది. పదకొండు. అన్నీ నిమిష నిమిషానికీ రీడింగు దాచుకుంటాయి. మీటరమ్మ తన బల్ల మీది మీటరు తప్ప మిగతావి తెరిచి చూడలేదు.

ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటే తెరిచారు.

12:40కి ఎస్సై అందరినీ టెస్టింగ్ గదిలోకి పిలిచింది. యజమాని, ఇంజనీరు, మీటరమ్మ. వాళ్ల వెనక యజమాని బావమరిది. ఫోటోలు తీయడం, స్పేర్ సామాను చూసుకోవడం అతని పని.

"అందరూ ఫ్రేములు చూశారు, వాట్లు చూడలేదు," అంది ఎస్సై. "430 వాట్లు లాగిందంటే, సోమవారం 10:50 దాకా ఈ తొడుగులో ఉన్నది అసలు బోర్డే. మంగళవారానికి అది లేదు. ఈవిడే మార్చి ఉంటే, తను దొరికిపోయే అంకెల్ని తనే రిపోర్టులో ఎందుకు పెడుతుంది?"



లాకర్లోకి వెళ్లక ముందు కార్డు ఎక్కడుందని ఎస్సై అడిగింది. ఫోటో గదిలో అని మీటరమ్మ చెప్పింది. 11 నుంచి 1:10 దాకా. తర్వాత బావమరిదే డబ్బా మూసి ఆమె చేతికిచ్చాడు.

"ఫోటో గది కంప్యూటరు రోజూ నూట ఇరవై వాట్లు దాటదు," అంది ఎస్సై. "సోమవారం 11:52 నుంచి ఆరు నిమిషాలు 390 లాగింది. ఫోటోలు దిద్దడానికి అంత కరెంటు ఎందుకండీ?"

కంప్యూటరు పాతదై మొరాయించిందేమో అన్నాడు బావమరిది.

"స్పేర్‌గా ఇచ్చిన చిన్న కార్డు ఏది?"

అరలో సీలు వేసి ఉందన్నాడు. ఎస్సై ఆ డబ్బా తెప్పించి తెరిచింది. లోపల పాత లాప్‌టాప్ చార్జరు, దాని చుట్టూ మౌస్ ప్యాడ్.

ఇంజనీరుకు విషయం అర్థమైంది. బావమరిది ఆ స్పేర్ కార్డు చిన్న బోర్డుకు పెద్ద కార్డు తొడుగు బిగించాడు. అందులోని ప్రోగ్రామ్ మార్చేశాడు, దాంతో కంప్యూటరు దాన్ని పెద్ద కార్డనే నమ్మింది. మార్కెట్లోకి రాని కార్డు ముందుగా చేజిక్కించుకోవడానికి పోటీ కంపెనీవాళ్లు ఎంతైనా ఇస్తారు. అయితే అది పనిచేస్తోందని వీడియో చూపమంటారు. ఆ ఆరు నిమిషాలు అందుకే.

"బావా, నేను..." అన్నాడు బావమరిది. యజమాని మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి బావమరిది ఇంట్లో బోర్డు దొరికింది. దాన్నీ అతన్నీ స్టేషన్‌కి తీసుకెళ్లారు. యజమాని క్షమాపణ పత్రాన్ని నాలుగు ముక్కలు చేసి, జరిగిందేదో జరిగిపోయింది, మర్చిపొమ్మన్నాడు. మీటరమ్మ మర్చిపోనంది. తన అంకెలు నిజమేనని ల్యాబ్ పేరుతో వెబ్‌సైట్‌లో మొదటి పేజీలో వేయాలంది. ఆ రాత్రే వేశారు.

శుక్రవారం కంపెనీ ఇంకో పెద్ద కార్డు పంపింది. ఇంజనీరు ఆమె కళ్ల ముందే విప్పి, బోర్డు చూపించి, మళ్లీ బిగించాడు. 101 ఫ్రేములు వచ్చాయి. చిన్నదానికంటే ఇరవై శాతం ఎక్కువ. యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. ఇంజనీరు మీటరమ్మతో చేయి కలిపాడు. ఆ ఇరవై శాతం మాటే హెడ్డింగుగా పెట్టమని కంపెనీ ఫోన్ చేసింది.

మీటరమ్మ టైపు చేసింది: ఇరవై శాతం వేగం కోసం రెట్టింపు ధర. కొనకండి.

యజమాని ఆమె వెనక నిలబడి చదివాడు. నుదురు రుద్దుకున్నాడు.

"కాస్త మెత్తగా రాయొచ్చుగా?"

"రాయొచ్చు," అంది మీటరమ్మ. "రాయను."

రిపోర్టు వెబ్‌సైట్‌లోకి ఎక్కించేసింది.